సోయిలా అవ్వ రక్తం సీసాలు

"డాక్టర్ గారూ, ఒక్క సందేహం. సూది గుచ్చేముందు నోట్లో పెట్టుకుంటారా?"

ఫోన్‌లో ఆ గొంతు వినగానే ఎడిల్బెర్తోకు ఒళ్ళు మండింది. ల్యాబ్‌లో పనిచేసే నెరెయిదా! ఇకితోస్ ఊరి ఆసుపత్రిలో అతను డాక్టరుగా చేరిననాటి నుంచీ ఆమెతో ఇదే వరస.

"ఏమిటండీ ఆ మాట?"

"మీరు పంపిన సోయిలా అవ్వ రక్తం సీసాల్లో మళ్ళీ నోటి క్రిములే పెరిగాయి. సీసాకొక రకం. ఇది రోగం కాదు బాబూ, ఎవరిదో ఎంగిలి!"

వెనకాల ల్యాబ్ అంతా పకపకా నవ్వింది. అతనికి తల కొట్టేసినట్లయింది.

నవ్వులాట అటుంచితే, అవ్వ పరిస్థితి బాగాలేదు. వణుకుడు జ్వరం, బీపీ పడిపోతోంది. రక్తంలో చేరిన అసలు క్రిమి ఏదో తేలితేగాని సరైన మందు పడదు. ఇస్తున్నది పనిచెయ్యడం లేదు.

"అంత అనుమానమైతే వచ్చి చూడండి!" అన్నాడు.

వచ్చేసింది. వానకు తడిసిన జుట్టు ముడేసుకుంటూ ఆమె వార్డు గుమ్మంలో నిలబడేసరికి, తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ అతను మరిచిపోయాడు.

అవ్వ చెయ్యి క్రిములు చంపే మందుతో తుడిచాడు. ఆరనిచ్చాడు. సూది కోసం అటు తిరిగాడు.

"అవ్వా!" నెరెయిదా కేక పెట్టింది.

అవ్వ బొటనవేలు నాలుకకు అద్దుకుని, సరిగ్గా తుడిచిన చోటే శిలువ గీసుకుంటోంది.

"అట్లా అరుస్తావేమే తల్లీ? సూదంటే నాకు హడల్. ఈ నాయన అటు తిరిగినప్పుడల్లా దేవుణ్ణి తోడు పిలుచుకుంటున్నా."

"రెండు చేతులకీనా?" అన్నాడు ఎడిల్బెర్తో.

"ఒకదానికి చేసి ఇంకోదానికి చెయ్యకపోతే ఎట్లా?"

"నుదుటి మీద గీసుకో అవ్వా. దేవుడు అక్కడికీ వస్తాడు," అంటూ నెరెయిదా నవ్వాపుకోలేక అవ్వ వేళ్ళు గట్టిగా పట్టుకుంది. ఎడిల్బెర్తో మళ్ళీ తుడిచి రెండు చేతుల నుంచీ రక్తం తీశాడు. ఆమె అంత దగ్గరగా ఉన్నా సూది గురి తప్పలేదంటే, అదంతా చదువు చలవే.

ఈసారి రెండు చేతుల సీసాల్లోనూ ఒకే క్రిమి పెరిగింది. మూత్రం దారిన రక్తంలోకి ఎక్కిన క్రిమి. ఏ మందుకు లొంగుతుందో కూడా నెరెయిదా తేల్చింది. మందు మార్చారు. జ్వరం దిగిందో లేదో, "ఈ గంజి ఎవడు తాగుతాడు? చేప తెండి!" అని అవ్వ వార్డు అదిరేలా గొడవ మొదలెట్టింది. సంతోషంతో ఎడిల్బెర్తోకు కళ్ళు చెమర్చాయి.

వరండాలో నెరెయిదా ఎదురైంది. "క్షమించండి డాక్టర్ గారూ. మీరు సూదులు నాకుతారని ల్యాబ్ అంతా చెప్పేశాను."

"చెప్తే చెప్పారు. మీరంటే నాకు ప్రాణమని, ఆదివారం నాతో నది ఒడ్డుకు భోజనానికి వస్తున్నారని కూడా చెప్పుకోండి."

"అది పొద్దున్నే చెప్పాను," అంది నెరెయిదా, ఎర్రబడిన మొహంతో. "మీరెప్పుడు అడుగుతారా అని అందరూ పని మానేసి ఆ ల్యాబ్ కిటికీలోంచి చూస్తున్నారు."