ఆరు చుక్కల ఉత్తరం

గర్భం నిలవలేదని క్లినిక్ నుంచి ఫోన్ వచ్చిన రోజే సిడ్సె గుమ్మంలో ఆ ఉత్తరం పడి ఉంది. కత్తెరతో పూలుపూలుగా కత్తిరించిన కాగితం, మడతలో వాడిన మంచుపువ్వు, నాలుగు పంక్తుల పాట, సంతకం ఉండవలసిన చోట ఆరు చుక్కలు. ఈస్టర్ పండగ ముందు వాళ్ల ఆర్హూస్ ఊళ్లో అందరూ పంపుకునేవే. వాళ్ల రాతలో పంపినవాళ్ల పేరుకు ఎన్ని అక్షరాలో అన్ని చుక్కలు. పంపినదెవరో చెప్పలేకపోతే వాళ్లకొక గుడ్డు ఇవ్వాలి.

"గుడ్డే అడగాలా..." అని నవ్వబోయి, సిడ్సె ఏడ్చింది. పిల్లల కోసం చేసిన చికిత్సలో ఆమె అండాశయాల నుంచి పద్నాలుగు గుడ్లు తీశారు. ఒక్క పిండం మిగిలింది. ఇప్పుడు అదీ లేదు.

ఈస్టర్ శనివారం అత్తగారు గెర్డా బుట్టెడు కోడిగుడ్లతో వచ్చింది. మంగళవారానికల్లా డాక్టరుకు జవాబు చెప్పాలి. మళ్లీ రోజూ పెద్ద మోతాదు సూదులా? లేక మాత్రలు, కొద్దిపాటి సూదులతో నెమ్మదైన పద్ధతా? అందులో మూడో నాలుగో గుడ్లే వస్తాయి.

"పెద్దదే మేలు. ఎక్కువుంటే ధైర్యం," అన్నాడు భర్త ఎస్కిల్.

"ధైర్యం నీకు, ఉబ్బిన పొట్ట దానికి. పోయినసారి వంగలేకపోతే బూట్ల తాళ్లు ఎవరు కట్టార్రా?"

"నేనేగా అమ్మా."

"అవును, రెండు బూట్లూ కలిపి."

సిడ్సె తల దించుకుంది. "పెద్దదే చేయించుకుంటా అత్తయ్యా. మీ కోసమైనా..."

 గెర్డా చూపు ఫ్రిజ్ మీది ఉత్తరం మీద ఆగింది.

"ఆ చుక్కలెవరివో తేలలేదు," అన్నాడు ఎస్కిల్. "నీవి కావులే, నీ పేరుకు ఐదే. పక్కింటి ప్రేబెన్‌కి ఆరు."

"ప్రేబెనే అయ్యుంటాడు," అంది సిడ్సె.

"వాడు కత్తెర పడితే వేళ్లు తెగుతాయి గానీ పూలు తెగవు," అంది గెర్డా. తర్వాత మెల్లగా, "నేనే. ఫార్మోర్ అని పెట్టాను," అంది.

నాయనమ్మ అనే ఆ మాటకు వాళ్ల రాతలో ఆరు అక్షరాలు. ఎస్కిల్ వేళ్ల మీద లెక్కపెట్టి, చెయ్యి దించేశాడు.

"ఫోను రాకముందే పోస్టులో వేశానమ్మా. ముసలి తొందర. ఆ పేరు కోసం నీ ఒళ్లు హూనం చేసుకోకు. నా కోళ్లు ఒక్కోటే పెడతాయి, వాటినే నేను తిట్టను."

సిడ్సె కళ్లు తుడుచుకుంది. "అయితే చిన్నదే అత్తయ్యా. కానీ మీరని చెప్పలేకపోయాను. ఓడిపోయాను."

ఎస్కిల్ బుట్టలోంచి ఒక గుడ్డు తీసి తల్లికి అందించబోయాడు.

"అవి నావేరా," అంది గెర్డా.

మంగళవారం సిడ్సె క్లినిక్‌కు ఫోన్ చేసి, నెమ్మదైన పద్ధతే కావాలని చెప్పింది. గెర్డాకు ఇవ్వవలసిన గుడ్డు ఇంకా ఇవ్వలేదు.