పోవచ్చా, మేస్త్రీ?

ఇంజన్లో నూనె తగ్గుతోందని వచ్చే బండ్లు రోజుకు నాలుగుంటాయి. పెరుగుతోందని వచ్చే బండి ఏడాదికి ఒకటి వస్తే ఎక్కువ. అందుకే ఆ వాన మధ్యాహ్నం తమ్ముడు తన పాత లారీని షెడ్డులో గుంత మీదికి తెచ్చి ఆపి, "అన్నయ్యా, ఈ వింత చూడు, నేను చుక్క పోయకుండానే ఆయిలు పెరుగుతోంది" అని నవ్వుతూ చెప్పినప్పుడు మేస్త్రీకి నవ్వు రాలేదు.

"పెరుగుట విరుగుట కొరకేరా. బానెట్టు ఎత్తు," అన్నాడు.

మేస్త్రీకి యాభై నాలుగేళ్లు. షెడ్డుకు బోర్డు లేదు. ఆయన నోటిమాటే బోర్డు. పని పూర్తయిన బండిని ఏ డ్రైవరూ ఆయన్ని అడక్కుండా బయటికి తీయడు. మడ్‌గార్డు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, "పోవచ్చా, మేస్త్రీ?" అని అడగాలి. ఆయన ఇంకో బండి కింద పడుకుని ఉన్నా సరే, అక్కణ్ణుంచే "పర్లేదు, పోవచ్చు" అంటాడు. ఆ మాట పడ్డాకే తాళం తిప్పుతారు. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి. మనిషి కాస్త ముక్కోపి గానీ, మాట మాత్రం రాతిమీద గీత అని పేరు.

తమ్ముడు ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల బండ్లు తోలాడు. ఈ లారీ అతని సొంతం. ఎక్కడో దూరపు ఊళ్లో బ్రోకరు ద్వారా కొని, వారం కిందట తెచ్చి లారీ స్టాండులో పెట్టుకున్నాడు, ఇంట్లోవాళ్లింకా చూడనేలేదు. మీద కొత్త నీలం రంగు, లోపల పాత ప్రాణం. మొదటి లోడు ఆ సాయంత్రమే. దారిలోనే పుట్టిల్లు కాబట్టి భార్యా, ఐదేళ్ల పాపా కూడా బండిలోనే వస్తున్నారు. ఆరింటికి ఇంటి ముందు ఆపి ఎక్కించుకోవాలి. పాప పొద్దుటి నుంచే సంచీ తగిలించుకుని గుమ్మంలో కూర్చుందట.

మేస్త్రీ ఆయిలు కొలిచే పుల్ల బయటికి లాగి వెలుతుర్లో పెట్టి చూశాడు. నల్లగా ఉండాల్సిన నూనె, పాలెక్కువైన టీలా ఉంది.

"నీళ్లు కలిశాయిరా."

"ఎక్కడివి?"

"ఇంజన్లో తిరిగేవి రేడియేటరు నీళ్లే కదా. పైన గాస్కెట్టయినా కాలుండాలి, సిలిండరు లైనర్ల కింద రబ్బరు రింగులైనా మెత్తబడి ఉండాలి. అక్కడ తగ్గినవే ఇక్కడ చేరతాయి. ఈ వారంలో రేడియేటర్లో ఎన్నిసార్లు పోశావు?"

"ఒక్కసారీ పోయలేదు."

మేస్త్రీ రేడియేటరు మూత తీశాడు. ఆకుపచ్చ మందు కలిపిన నీళ్లు అంచుదాకా నిండుగా ఉన్నాయి. వేలు ముంచి చూసుకుని, మళ్లీ మూత పెట్టాడు.

తర్వాత గుంతలోకి దిగి, ఇంజను అడుగున నూనె నిలవుండే ఛాంబరు బోల్టు వదులు చేశాడు. నీళ్లు బరువు కాబట్టి ముందు అవే రావాలి. వచ్చాయి. సగం బకెట్టు వచ్చాయి. కానీ ఆకుపచ్చగా లేవు. బూడిదరంగులో, కాలువ ఎండగట్టినప్పుడు లేచే బురద కంపుతో ఉన్నాయి.

రేడియేటరు మందు తియ్యగా ఉంటుంది. అది విషమని తెలిసినా, అనుమానం వచ్చినప్పుడు నాలుక చివర తాకించి ఉమ్మేయడం పాత మేస్త్రీలకు ఒక చెడ్డ అలవాటు. ఆయనా అదే చేశాడు. తీపి లేదు. పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. మూడుసార్లు పుక్కిలించి ఉమ్మినా ఆ ఇసుక పోలేదు.

"ఏమిటన్నయ్యా?"

"ఏం లేదు. పాత నీళ్లెక్కడో నిలవుండిపోయాయి," అన్నాడు. ఆ మాటను తనే నమ్మలేదు.

"అయితే సాయంత్రానికి పోవచ్చా?"

"ఏ సిలిండరు దగ్గర కారుతోందో చూడందే చెప్పలేను. నువ్వెళ్లి లైనరు రింగులు పట్రా. రెండు సెట్లు తే. తొందరపడకు, నేల జారుతోంది."

తమ్ముడు మోటారుసైకిలు తీసుకుని వానలోకి వెళ్లాడు. జల్లు లోపలికి కొడుతోందని మేస్త్రీ షట్టరు మోకాలి ఎత్తుదాకా దించాడు. ఛాంబరు మొత్తం విప్పి పక్కన పెట్టాడు. ఇక ఆయనకు బాగా తెలిసిన పని. గుంతకు అడ్డంగా పలక వేసి, ఇంజను కింద ఆరు పాత పేపరు ముక్కలు వరసగా పరిచి, ఒక్కోదాని మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశాడు. రేడియేటరు మూతికి చేతిపంపు బిగించి గాలి కొట్టాడు. పంపు మీద గాలి ఒత్తిడి చూపే ముల్లు కనిపించేలా గుంత అంచున వేలాడదీశాడు. ఇక ఎదురుచూడటమే. ఎక్కడ కారితే ఆ కాగితం తడుస్తుంది. ఎంత కారితే ముల్లు అంత పడిపోతుంది. ఇందులో మంత్రం లేదు, మాయ లేదు.

గుంతలో నిలబడితే నేల ఆయన గడ్డం ఎత్తుకొస్తుంది. నెత్తి మీద ఇంజను, చుట్టూ నూనె మరకల గోడలు, రేకుల మీద వాన. ఇంతలో కరెంటు పోయింది. టార్చి వెలిగించి కాగితాల మీద పెట్టాడు.

పావుగంట గడిచింది. ముల్లు కదల్లేదు.

టప్.

నాలుగో కాగితం మీద నాణెమంత తడి.

ముల్లు వంక చూశాడు. కొట్టిన గాలి కొట్టినట్టే ఉంది. రేడియేటర్లోంచి చుక్క తగ్గలేదు. మరి ఇదెక్కడిది? టార్చి పైకి తిప్పి నాలుగో లైనరు అంచు చూశాడు. పొడిగా ఉంది. ఆ పక్కన ఇనుము మీద పేరుకున్న జిడ్డును గుడ్డతో తుడిచాడు, పగులేమైనా ఉందేమోనని.

పగులు లేదు. మూడు చుక్కలు ఉన్నాయి.

సుత్తితో, మొనదేలిన పంచితో కొట్టిన చుక్కలు. త్రికోణంలా రెండు కింద, ఒకటి పైన. తను విప్పి బిగించిన ప్రతి ఇంజను మీదా మేస్త్రీ కొట్టే గుర్తు అది. మరొకరు కొట్టరు.

 మేస్త్రీ పలక పట్టుకుని నిలబడ్డాడు.

ఈ ఇంజను ఆయనకు తెలుసు. చాలా ఏళ్ల కిందట ఒకసారి తనే విప్పి బిగించాడు. అప్పుడు బండి రంగు ఎరుపు. తోలేవాణ్ణి అందరూ పొడుగాయన అనేవారు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆరేళ్ల కిందట ఇదే షెడ్డుకు, ఇదే రోగంతో వచ్చాడు, నూనెలో నీళ్లని. ఇంజను విప్పాలి, రెండు రోజుల పని. కానీ ఆ మర్నాడే తమ్ముడి పెళ్లి. మేస్త్రీ విప్పలేదు. నీళ్లు వంపేసి కొత్త నూనె పోశాడు. ఎదురుచూస్తూ కూర్చున్న పొడుగాయన ఎడమకాలి చెప్పు తెగి ఉంటే, రాగితీగతో తనే కట్టిచ్చాడు కూడా. చెప్పు మీద పెట్టిన శ్రద్ధ ఇంజను మీద పెట్టలేదు. మడ్‌గార్డు మీద రెండు దెబ్బలు పడ్డాయి. పోవచ్చా, మేస్త్రీ? ఇంకో బండి కింద నుంచి తలైనా బయటికి పెట్టకుండా అన్నాడు, పర్లేదు, పోవచ్చు.

కాలువ వంతెన మలుపులో ఇంజను పట్టేసి బిగుసుకుపోయింది. బండి రెయిలింగు తెంచుకుని నీళ్లలో పడింది. బండిని మూడో రోజు లాగారు. మనిషి నాలుగో రోజు దొరికాడు. "బ్రేకులు పడలేదట పాపం" అని ఊరంతా అనుకుంది. ఆ మాట మొదట అన్నది మేస్త్రీయే. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అనకముందే ఆయన భుజాలు తడుముకున్నాడు.

టప్. టప్.

నాలుగో కాగితం పూర్తిగా తడిసింది. మూడోది మొదలైంది... తర్వాత ఐదోది. అన్ని లైనర్లూ పొడిగానే ఉన్నాయి. నీళ్లు మాత్రం పడుతున్నాయి. ముల్లు కదలడం లేదు.

బురద కంపు గుంతంతా నిండింది.

అప్పుడు పైన, మడ్‌గార్డు మీద, అరచేత్తో రెండు దెబ్బలు.

"వచ్చావురా? రింగులు దొరికాయా?" అన్నాడు మేస్త్రీ. 

 మోటారుసైకిలు చప్పుడే రాలేదని అప్పుడు తట్టింది.

గుంత అంచు మీదుగా చూశాడు. ముందు చక్రం పక్కన రెండు పాదాలు. పొడుగాటి పాదాలు, నానిపోయి తెల్లగా ముడతలు పడ్డాయి. వాటి చుట్టూ నీళ్లు మడుగు కట్టి, అంచు దాటి, గోడ వెంట గుంతలోకి కారుతున్నాయి.

ఎడమకాలి చెప్పుకు రాగితీగ కట్టి ఉంది.

మేస్త్రీ టార్చి ఆర్పేశాడు. ఎందుకు ఆర్పాడో ఆయనకే తెలీదు. చీకట్లో తన ఊపిరి తనకే వినిపిస్తోంది. బూట్ల చుట్టూ చల్లగా తగిలింది. గుంతలో నీళ్లు నిలుస్తున్నాయి. చీలమండ దాకా... పిక్కల దాకా...

"పోవచ్చా..."

చాలా మెల్లగా. నోట్లో నీళ్లున్నవాడు మాట్లాడినట్టు.

"...మేస్త్రీ?"

తమ్ముడు ఏనాడూ మేస్త్రీ అని పిలవలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అన్నయ్యా అనే.

చెప్పాల్సింది ఏమిటో ఆయనకు తెలుసు. వద్దు. ఇంజను విప్పాలి. ఆ రోజే విప్పాల్సింది, తప్పు నాది. ఇంతే. నాలుక దాకా వచ్చింది కూడా. ఆరేళ్లుగా మింగిన మాట అంత తేలిగ్గా బయటికి రాదు. ఒప్పుకుంటే ఆ పాదాలు వెళ్లిపోతాయో, గుంతలోకే దిగుతాయో. దిగితే?

నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

"పోవచ్చా, మేస్త్రీ?"

భయం ఆయన చేత ఆ పాత మాటే అనిపించింది. వేరే మాట నోటికి రాలేదు.

"పర్లేదు... పోవచ్చు."

చప్పుడు ఆగిపోయింది. చుక్కలు ఆగిపోయాయి. తడి చెప్పులు మెల్లగా షట్టరు వైపు నడిచిన శబ్దం. రాగితీగ నేలకు గీరుకుంటూ... తర్వాత వాన మాత్రమే.

కరెంటు వచ్చింది. గుంత పొడిగా ఉంది. ఆయన ప్యాంటు పొడిగా ఉంది. ఆరు కాగితాలూ పొడిగా, అంకెలు చెదరకుండా ఉన్నాయి. మేస్త్రీ మెట్ల మీద కూలబడి, పెద్దవాణ్ణని కూడా చూసుకోకుండా ఏడ్చాడు. బతికానన్న ఏడుపు అది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.

తమ్ముడు తడిసి ముద్దై వచ్చేసరికి ఆరు దాటింది. "రెండో షాపులో దొరికాయి. ఫోన్ తడిసి చచ్చింది. ఇంటికి కబురు చెప్దామన్నా కుదర్లేదు. ఏమైందన్నయ్యా, మొహం అలా ఉందేం?"

"ఈ బండి ఇవాళ కదలదు. రేపూ కదలదు. కూర్చో, నీకొక సంగతి చెప్పాలి. ఆరేళ్ల కిందే చెప్పాల్సింది."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలిసే మొదలుపెట్టాడు. రెండు మాటలైనా కాకముందే ఆయన ఫోన్ మోగింది. మరదలు. స్పీకరు నొక్కాడు.

"బావగారూ, ఆయన ఫోన్ కలవడం లేదు. మీరు పంపిన డ్రైవరు మమ్మల్ని ఎక్కించుకున్నాడని ఆయనకు చెప్పండి. ఆయన ఎక్కడ ఎక్కుతారో తెలీలేదు, ఇతనేమో మాట్లాడడు."

తమ్ముడు ఫోన్ వంక చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, గుంత మీద ఛాంబరు లేకుండా నిలబడి ఉన్న నీలం లారీ వంక చూశాడు.

"ఏ డ్రైవరు? ఏ బండి ఎక్కారమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"మన బండే బావగారూ. అయినా రంగు ఎరుపని మీ తమ్ముడు చెప్పనేలేదు. లోపలంతా తడి. ఇదిగో, వంతెన దగ్గరికి వచ్చేశాం."

తమ్ముడు వానలోకి పరుగెత్తాడు. మోటారుసైకిలు ఒక తన్నుకు అందుకోలేదు. రెండో తన్నుకు అందుకుంది. ఆ చప్పుడు వీధి మలుపు తిరిగి పోయింది.

"అమ్మా, బండి ఆపించు. దిగండి," అన్నాడు మేస్త్రీ. అవతల ఫోన్ చేతులు మారినట్టు గరగర వినిపించింది.

"పెదనాన్నా," అంది పాప. "కాళ్ల దగ్గర నీళ్లొస్తున్నాయి."

"బంగారూ, ఆ మామతో చెప్పు. మేస్త్రీ వద్దన్నాడని చెప్పు. ఇంజను బాగాలేదని, తప్పు మేస్త్రీదేనని, వెనక్కి తిప్పమని చెప్పు. గట్టిగా చెప్పు తల్లీ."

కాసేపు వాన శబ్దమే వచ్చింది. రెండు చోట్ల వాన, ఒకటి రేకుల మీద, ఒకటి ఫోన్లో.

"చెప్పా పెదనాన్నా," అంది పాప. "ఇందాకే పోవచ్చన్నాడుగా, అంటున్నాడు."

తర్వాత ఫోన్లో, ఇనుప రేకు మీద అరచేత్తో కొట్టినట్టు, రెండు దెబ్బలు వినిపించాయి.