ఒరుగు పీఠం

2081 నాటికి కుటుంబ కోర్టుల్లో పిల్లల్ని "నీకు అమ్మ కావాలా, నాన్న కావాలా?" అని అడగడం మానేశారు. పీఠం మీద నిలబెడితే చాలు.

మనిషి ఎంత కదలకుండా నిల్చున్నాననుకున్నా శరీరం సన్నగా ఊగుతూనే ఉంటుంది. గట్టి నేల మీద పాదాలు ఆ ఊగును దాచేస్తాయి. మెత్తటి ఫోమ్ మీద, కళ్ళు మూసుకుని నిల్చుంటే దాచలేవు. నమ్మిన మనిషి ఎటు ఉంటే అటు శరీరం వెంట్రుకవాసి ఒరుగుతుంది. అరికాళ్ళ కింది సెన్సర్లు ఆ 'ఒరుగు'ను కొలుస్తాయి. దీన్ని తయారుచేసిన డాక్టర్ పరాంకుశం, ఇక పిల్లలు అబద్ధం చెప్పాల్సిన అవసరం తప్పిందని సంతోషించాడు.

ఆ రోజు పీఠం ఎక్కింది ఆరేళ్ళ ఇందుమతి. నిబంధన ప్రకారం ఎడమవైపు తల్లి నీరజ, కుడివైపు తండ్రి భార్గవ్ నిల్చున్నారు. గెలిచినవాళ్ళ దగ్గరే పాప పెరుగుతుంది. రెండోవాళ్ళు నెలకోసారి వచ్చి చూసి వెళ్ళాలి.

గట్టి పలక మీద పాప ఎటూ ఒరగలేదు. ఫోమ్ మీదికి మార్చి కళ్ళు మూసుకోమనగానే సూటిగా కుడికి ఒరిగింది.

"ఒరుగు కుడికి. తండ్రి," అంది పీఠం.

"చూశారా? నా బంగారం!" అన్నాడు భార్గవ్.

"ఏం మందు పెట్టావో దానికి," అంది నీరజ.

పరీక్ష జరుపుతున్న పరాంకుశం, కొలత గీతలు పడే తెర వైపు చూశాడు. పిల్లల ఊగు పిచ్చిగీతల ముద్దలా ఉంటుంది. ఇందులో ఒక్క గీతైనా ఎడమకు పోలేదు.

"మీరిద్దరూ అటువారు ఇటు, ఇటువారు అటు మారండి."

"అదేంటి సార్, రూల్స్‌లో లేదుగా?" అన్నాడు భార్గవ్.

"మారండి."

మారారు. పాప మళ్ళీ కుడికే ఒరిగింది. ఇప్పుడు అక్కడున్నది నీరజ.

పరాంకుశం పాప ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎడమవైపు ఏముందమ్మా?"

"బండలు," అంది ఇందు, కళ్ళు తెరవకుండానే. "ఇంట్లో నాన్న కుడివైపు పరుపేస్తాడు. ఎడమవైపు వెయ్యడు. స్పాంజి మీద నించోబెట్టి తోస్తాడు. ఇప్పుడు నేను అటు అస్సలు పడను." ఆ గొంతులో గర్వం ఉంది.

అతను పాప గౌను చెయ్యి పైకి జరిపాడు. ఎడమ మోచేయి కమిలి నల్లబడింది.

"ఆట సార్ అది. పిల్లలన్నాక పడరా?" అన్నాడు భార్గవ్.

పరాంకుశం పీఠం వైపు తిరిగాడు. "ఈ పరీక్ష రద్దు చెయ్యి."

"కారణం?"

"పాపకు నేర్పించారు."

"శరీరం నేర్చుకున్నదాన్నే నేను కొలుస్తాను. ఆఖరి కొలతే చెల్లుతుంది. ఒరుగు కుడికి. తల్లి."

భార్గవ్ కుర్చీని తన్ని వెళ్ళిపోయాడు. నీరజ పాపను ఎత్తుకోలేదు. ముందు తెర మీది ఫలితాన్ని రెండుసార్లు చదువుకుంది. తర్వాత పరాంకుశం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఏడాది తిరిగాక మళ్ళీ పరీక్ష ఉంటుందట కదా సార్. అప్పుడు నన్ను ఏ వైపు నిలబెడతారు? ముందే తెలిస్తే మంచిది."