నవాల్ మేడం ఫోటో

2002 జూలైలో ఒక సోమవారం, మదనపల్లెలోని ఓ వారపత్రిక ఆఫీసులోకి ఒకమ్మాయి తడిసిన గొడుగుతో వచ్చింది. పత్రికను టేబుల్ మీద పరిచింది.

"ఈ ఫోటో వేసింది ఎవురు?"

సబ్ ఎడిటర్ నాగేంద్ర తలెత్తాడు. ఆమె వేలు మహిళల పేజీ మీద ఉంది. కువైట్ జర్నలిస్టు నవాల్ గురించి వ్యాసం. పక్కన బురఖాలో, ముఖం కనిపించని ఎవరో ఒకామె.

"నేనే. రాసింది పుంగనూరు యమున అని..."

"ఆ యమున నేనే. నేను పంపిన ఫోటో యాడ?"

అతను సొరుగులోంచి తీశాడు. ప్యాంటు, చొక్కా వేసుకున్న ఒకామె కంప్యూటర్ ముందు కూర్చుని నవ్వుతోంది. తల మీద ముసుగు లేదు.

"ఈమె అరబ్ అంటే చదివేవాళ్లు నమ్మరని ఆఫీసు ఫైల్లో ఉన్న వేరే ఫోటో వేసినా."

"కువైట్ సూసినారా మీరు?"

"లేదు."

"మాయమ్మ సూసింది. ఆరేండ్లు ఆ మేడం ఇంట్లో వంట చేసింది. నన్ను కాలేజీ మాన్పించద్దని మా నాయనకు జాబు రాసింది ఆ మేడమే. పేపరు పంపిస్తానని అమ్మ మాటిచ్చింది. ఇదెట్ల పంపేది?"

"బురఖా వేసుకుంటే తప్పా?"

"తప్పని నేనన్నానా? ఈమె నవాల్ కాదు. అంతే."

నాగేంద్ర రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. "సవరణ వేస్తాను," అన్నాడు.

లోపలి గదిలోంచి ఎడిటర్ గోవిందరాజులు గొంతు వినిపించింది. "పన్నెండేండ్లలో ఒక్క సవరణ వేయలేదప్పా. పేపరు పరువేం కావాల?"

"తప్పు నాది సార్. నా పేరుతోనే వేస్తా. ఉద్యోగం సంగతి మీ ఇష్టం."

యమున గొడుగు తీసుకుంది. "శుక్రవారం సూస్తా. మాటలు చెప్పేవాళ్లను శానామందిని సూసినా."

శుక్రవారం అసలు ఫోటో పేజీ నెత్తిన వచ్చింది. కింద మూడు వాక్యాలు: ‘గత వారం వేసిన ఫోటో నవాల్‌ది కాదు. అరబ్ మహిళ ఎలా ఉంటుందో చూడకుండానే తేల్చేశాను. తప్పు నాది. – నాగేంద్ర.’

గోవిందరాజులు ఆ పేజీని రెండు రోజులు తన టేబుల్ మీదే ఉంచుకున్నాడు. మూడో రోజు, "ఆ పాప ఇంకేమైనా రాస్తాదేమో అడుగు," అన్నాడు.

యమున రాసింది. కుప్పంలో ఎం.ఏ. చదువుతూ, అమ్మ కువైట్ నుంచి తెచ్చిన ఇంగ్లీషు పత్రికలు తిరగేసి, కైరో చరిత్రకారిణి గురించి ఒకటి, బీరూట్ చిత్రకారిణి గురించి ఒకటి. ప్రతి వారం ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి పోట్లాడేది.

"యాల కోసినారు చివరి పేరా?"

"చోటు లేక."

"సినిమా పేజీలో కోయండి!"

ఫోన్ రాని వారం అతనికి పని సాగేది కాదు. అక్టోబరులో వచ్చిన ఫోన్‌లో పోట్లాట లేదు.

"ఆదివారం పుంగనూరికి రండి. మీ సవరణ ఇంగ్లీషులో రాసి పేపరుతో పాటు పంపినా, కువైట్ నుంచి జాబు వచ్చుండాది. మేడం మీ గురించి అడిగింది."

అతను వానలో తడుస్తూ వెళ్లాడు. యమున తల్లి మునిలక్ష్మి తువ్వాలు అందించింది. యమున జాబు చదివింది. "‘అరబ్ ఆడవాళ్ల గురించి తప్పు రాసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. పేరు పెట్టి ఒప్పుకున్నవాడు ఇతనొక్కడే. ఎవరు ఇతను?’"

మునిలక్ష్మి అతని వైపు తిరిగింది. "ఏమని రాయాలప్పా?"

నాగేంద్ర తల తుడుచుకోవడం ఆపాడు. "యమునను పెండ్లి చేసుకోవాలని వచ్చినోడని రాయండమ్మా."

"దానికి ఇష్టమేనా?"

యమున అప్పటికే పెన్ను తీసింది. ఇంగ్లీషులో రాసి, తల్లి కోసం తెలుగులో చదివింది.

"‘మేడం, ఇతను మా ఇంటివాడే. ఫోటో పంపుతున్నాను. ఈసారి అసలుదే.’"