ఒంటరి మోత

ఇంకా దీపాలు వెలిగించే వేళ కాలేదు... అయినా వీధి నిండా చీకటి! పడమటి దిక్కున కాటుక రంగు మేఘాలు గుట్టలుగా పేరుకుని, ఉరుముతున్నాయే గానీ ఒక్క చుక్క రాల్చడం లేదు. బస్సు డిపో రేకుల కప్పు మీద ఒక గుడ్లగూబ పొద్దు కుంకకముందే వచ్చి వాలింది. రెప్ప వేయకుండా ఒకే దిక్కుకు చూస్తోంది... ఆ దిక్కున ఉన్నది పాత గోదాము!

డ్యూటీ దిగి ఇంటికొచ్చింది డ్రైవరక్క. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉన్నా, ఆ రూట్లో బస్సెక్కే జనానికి ఆమె డ్రైవరక్కే. స్టీరింగు తిప్పీ తిప్పీ అరచేతులు కాయలు కాసిన మనిషి. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. దయ్యాల కబుర్లు చెబితే పగలబడి నవ్వే రకం. అలాంటి మనిషికి ఆ సాయంత్రం సొంత ఇంటి మెట్లెక్కడానికి కాళ్లు రాలేదు.

తలుపు అవతల నుంచి ఆ చప్పుడు వినిపిస్తోంది!

టక్... టక్... టక్...

వంటగదిలో బల్ల ముందు చెల్లెలు కూర్చుని ఉంది. పొద్దున మూత పెట్టి వెళ్లిన కంచం మూత తీయకుండా అలాగే ఉంది. చెల్లెలి వేళ్లు బల్లను కొడుతున్నాయి. గోళ్ల కింద నెత్తురు పేరుకుంది. చెక్క మీద చిన్న గుంటలు పడ్డాయి. కళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో మనిషి లేదు.

"ఏమే, మళ్లీ తినలేదా?" అంది అక్క, భయం బయటపడకుండా.

చెల్లెలి పెదవులు కదిలాయి... వచ్చిన గొంతు ఆమెది కాదు! పాతాళకుహరం నుంచి పెల్లుబికినట్టున్న ముసలి మగగొంతు!

"ఈ సాయంత్రంతో ఇది నాది... దీని ఆఖరి మోత నా కపాలంలో మోగుతుంది... అడ్డం రాకు!"

కొందరికి భయం కోపంగా వస్తుంది. డ్రైవరక్క మెడలోని యూనిఫారం కండువా లాగి, చెల్లెలి చేతులు రెండూ వెనక్కి విరిచి కట్టేసింది. "చచ్చినా నిన్ను ఆ గోదాముకు పోనివ్వనే!"

వేళ్లు ఆగిపోయాయి.

ఆ క్షణంలోనే చెల్లెలి తల వాలిపోయింది! పెదవులు నీలం తిరిగాయి. అక్క గబుక్కున ఆమె ఛాతీ మీద చెవి ఆనించింది. లోపల ఇంజను ఆపేసిన బస్సులో ఉండే నిశ్శబ్దం. గుండె... కొట్టుకోవడం లేదు! ముడి చేతికి ఊడి రాకపోతే పళ్లతో పీకి విప్పింది. చెల్లెలి చెయ్యి జారి బల్ల మీద పడింది. టక్! ఛాతీలో ఒక్క దెబ్బ. టక్! మరో దెబ్బ. గుండె ఆడుతున్నందుకు వేళ్లు ఆడటం లేదు. వేళ్లు ఆడుతున్నాయి గనకే గుండె ఆడుతోంది! ఆ సంగతి అర్థమయ్యాక డ్రైవరక్క నేల మీద చతికిలబడి, చేతిలో ఉన్న కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మొదట్లో ఇదంతా మంచికే అనుకున్నారు. కరెంటు పని చేసే చెల్లెలి భర్త స్తంభం ఎక్కి మళ్లీ తనంతట తాను దిగలేదు. ఆ కబురు విన్న రోజు నుంచీ చెల్లెలు ఏడవలేదు, మాట్లాడలేదు. ఆయన చెప్పుల మీద దుమ్ము కూడా తుడవనివ్వలేదు. పాత గోదాములో జనం గుండ్రంగా కూర్చుని డ్రమ్ములు కొడతారని, గుండెల్లో బరువు చేతుల్లోంచి దిగిపోతుందని ఎవరో చెబితే, అక్కే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

అక్కడ గురువుగారు ఉన్నారు. మల్లెపూవులా తెల్లటి బట్టలు, పాకంలాంటి మాట. అందరి కళ్లకూ నల్లటి గంతలు కట్టి, "పక్కవాళ్లను వినకండి నాయనా. నా మోత ఒక్కటే వినండి," అన్నారు. మధ్యలో ఎర్రగుడ్డ కప్పిన ఆయన వాద్యం ఉంది. దాన్ని ఎవరూ చూడకూడదట!

డ్రైవరక్క కూడా ఉబలాటపడి ఒక డ్రమ్ము తీసుకుంది. ఆమెకు చిన్నప్పటి నుంచీ తాళం అంటే ఆమడ దూరం. పుట్టినరోజు పాటకు అందరూ ఒకచోట చప్పట్లు కొడితే ఆమె ఇంకోచోట కొట్టేది. చెల్లెలు నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుని, అక్క మణికట్లు పట్టుకుని "ఇప్పుడే... ఇదిగో, ఇప్పుడు కొట్టాలే!" అని నేర్పేది. ఎంత నేర్పినా రాలేదు. ఆ రోజూ అంతే, రెండు దెబ్బలు కొట్టిందో లేదో గురువుగారి మొహం పాలిపోయింది. "నీలాంటి వాళ్ల వల్ల వైద్యం చెడుతుందమ్మా, వెళ్లిపో!" అని గెంటేశాడు. ఆమెకు చిన్నతనమనిపించింది. అంతటి మనిషి రెండు తప్పు దెబ్బలకు అంతలా ఎందుకు అదిరిపోయాడో అడగాలని మాత్రం తోచలేదు.

చెల్లెలు ఆ వారం నిద్రపోయింది. పై వారం అన్నం తింది, నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఒక్కటే మిగిలింది, మనిషి ఎటో పోయింది. ఇంతలో ఆ వీధిలోనే బట్టలు కుట్టే కుట్టుమిషను అత్తయ్య డ్రమ్ముల వలయంలో కూర్చున్న చోటే నవ్వుతూ ప్రాణం వదిలింది. గోదాము గోడకు కొత్తగా ఒక డ్రమ్ము వేలాడింది...

టక్... టక్... వంటగదిలో చెల్లెలు లేచింది. గోడను కొట్టుకుంటూ గడప దాటింది. ఆపితే చస్తుంది, ఆపకపోతే ఈ సాయంత్రమే చస్తుంది! డ్రైవరక్క వెంటపడింది. వీధి చివర బేకరీ తాత షట్టరు దించుతున్నాడు. ఆయన వేళ్లూ షట్టరు మీద అదే మోత మోగిస్తున్నాయి.

"తాతా, నువ్వు కూడానా!"

"నేనే ముందమ్మా," అన్నాడు ముసలాయన. ఆయనకు తెలివి వస్తూ పోతూ ఉంది. "అసలా వలయం నాదే. మీ అవ్వ పోయాక ఉండబట్టలేక పిండి డబ్బా ఒకటి బోర్లించి కొట్టుకునేవాణ్ణి. పక్కింటాయన బకెట్టు తెచ్చుకున్నాడు. అలా పదిమందిమయ్యాం. మా పద్ధతి ఒకటే... ఎవరైనా తాళం తప్పితే వాళ్లను దిద్దేవాళ్లం కాదు. అందరం వాళ్ల తప్పులోకే వెళ్లిపోయేవాళ్లం. ఎవర్నీ ఒంటరిగా వదిలేది లేదు. ఈ గురువుగాడొచ్చి, ఇదేం మోత, నేను నేర్పిస్తానన్నాడు. గంతలు కట్టాడు."

"ఆ ఎర్రగుడ్డ కింద ఏముంది తాతా?"

తాత గొంతు తగ్గించాడు. "ఓసారి నా గంత జారింది. కపాలం తల్లీ... మనిషి కపాలం! దానికి తోలు బిగించాడు. 'ఒంటరి మోత ఎక్కడుంటే అక్కడ తిను' అని దానికి చెబుతున్నాడు. మేం అంతమందిమి పక్కపక్కనే కూర్చుంటాం గానీ, ఎవరికి వాళ్లం ఒంటరివాళ్లమే కదమ్మా ఆ గంతల్లో..."

ఆయన కళ్లు తేలిపోయాయి. చేతులు ఆడిస్తూ చెల్లెలి వెనకే నడిచాడు. సందు సందులోంచీ మనుషులు... గోడల్ని, గేట్లని, తమ గుండెల్ని కొట్టుకుంటూ ఒకే అడుగుతో ప్రేతాల్లా గోదాములోకి నడిచారు! ఇనుప తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. గుడ్లగూబ ఒక్కసారి కూసింది!

డ్రైవరక్క డిపోకు పరుగెత్తి తన బస్సులోంచి జాకీ రాడ్డు తెచ్చింది. ఎన్ని పంక్చర్లకో వాడిన రాడ్డు. దాన్ని తలుపు సందులో దూర్చి, ఉన్న బలమంతా వేసి ఒక్కసారి పెకలించింది. గడియ ఊడిపడింది!

లోపల... అది గోదాము కాదు, మృత్యుగహ్వరం! కొవ్వు దీపాల పొగలో వలయాకారంగా కూర్చున్న జనం... కళ్లకు గంతలు, పెదవుల మీద ఒకే నవ్వు! గోడకు వేలాడే డ్రమ్ములు ఎవరూ తాకకుండానే కంపిస్తున్నాయి! నట్టనడుమ ఎర్రగుడ్డ తొలగిన కపాలం... దాని కనుగుంటల్లో రుధిరవర్ణ కాంతి! దాని ముందు తెల్లబట్టల మాంత్రికుడు భయంకర మంత్రాలు ఉచ్చరిస్తూ అరచేత్తో మోదుతున్నాడు. అతని ఎదురుగా చెల్లెలు. ఆమె చేతులు అతనితో పాటు లేస్తున్నాయి, అతనితో పాటు పడుతున్నాయి. ప్రతి దెబ్బకూ ఆమె మొహంలో రంగు కాస్త తగ్గుతోంది...

"ఆపరా దొంగ వెధవా!" అని రాడ్డెత్తింది డ్రైవరక్క.

మాంత్రికుడు తల తిప్పకుండానే ఏదో గొణిగాడు. అంతే! ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. దబ్బున కిందపడింది, రాడ్డు దొర్లిపోయింది. వికటాట్టహాసం చేశాడు వాడు. "పడి ఉండి చూడు... నీ చెల్లెలి ప్రాణం ఎలా పోతుందో కళ్లారా చూడు!"

కాళ్లు లేవు. నోరు లేదు. చేతులు మాత్రం ఉన్నాయి! ఆ గదిలో చేతుల్ని కట్టే మంత్రం వాడు వేయలేడు... అక్కడున్న చేతులన్నీ ఆడితేనే వాడికి మేత! ఆ మూల చెత్తలో పాత పిండి డబ్బా ఒకటి పడి ఉంది. తాత డబ్బా. డ్రైవరక్క మోచేతుల మీద పాకి దాన్ని అందుకుంది. బోర్లించింది. కొట్టింది.

ఢబ్!

దెబ్బ తప్పు చోట పడింది. మళ్లీ కొట్టింది. ఇంకా తప్పు చోట పడింది! పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అందర్నీ నవ్వించిన ఆ వంకర తాళం, కపాలం మోతకు అడ్డంగా పడింది.

"ఎవర్రా అది, తాళం తగలెయ్య..." తలుపు దగ్గర కూర్చున్న తాత విసుక్కున్నాడు. ఆయన చేతులు గాల్లో తటపటాయించాయి. మనిషి మరిచిపోయిన పద్ధతి ఆ చేతులకు గుర్తుంది! తప్పినవాళ్లను ఒంటరిగా వదలకూడదు... ఆయన దెబ్బ వంకరగా, డబ్బా దెబ్బ పక్కనే వచ్చి పడింది. గంత పీకేశాడు. అది విని పక్కనున్న మందుల షాపు పిన్ని చెవి రిక్కించింది. తనూ వంకర కొట్టింది. ఆమె పక్కాయన... ఆ పక్కావిడ... ఒక్కో గంతా ఊడింది. ఒక్కొక్కరూ పక్కవాళ్ల మొహం చూశారు. ఎన్ని నెలలకో చూశారు!

"నన్ను వినండి! నన్నొక్కణ్ణే వినండి!" అని గావుకేక పెట్టాడు మాంత్రికుడు.

ఎవరూ వినలేదు. ఒక్క చెల్లెలు తప్ప.

ఆమె చేతులు ఇంకా కపాలంతోనే లేస్తున్నాయి, పడుతున్నాయి. వాడు పళ్లికిలించాడు. "ఇదొక్కటి చాలు నాకు!" కపాలం నోరు తెరుచుకుంది...

డ్రైవరక్క డబ్బాను తోసుకుంటూ పాకింది. చెల్లెలిని చేరింది. ఆమె అరచేతుల్ని డ్రమ్ము మీంచి లాగి, డబ్బా మీద పెట్టి, తన కాయలు కాసిన చేతులతో కప్పింది. చెల్లెలి వేళ్లు ఆగిపోయాయి. పెదవులు నీలం తిరిగాయి. ఇంట్లో చూసిందే మళ్లీ కళ్ల ముందు! వదిలేస్తే కపాలం తింటుంది, పట్టుకుంటే గుండె ఆగుతుంది. ఇప్పుడే... ఇప్పుడు కొట్టాలే... అని తనకు తాళం నేర్పిన చేతులు ఇవి. మా తల్లే, ఒక్కసారి నా తప్పులోకి రావే అని లోలోపల మొత్తుకుంటూ, ఆ చేతుల్ని ఎత్తి డబ్బా మీద వేసింది.

ఆ దెబ్బకు సరిగ్గా వలయమంతా కలిసి కొట్టింది. ఢబ్!!

చెల్లెలి ఛాతీ ఎగసిపడింది!

ఇక ఆ గదిలో ఒక్క మోతే మిగిలింది, ఎవరూ తోడులేనిది... మాంత్రికుడిది! రెండు చేతులూ వెనక్కి లాక్కోబోయాడు, అవి కపాలం తోలుకు అతుక్కుపోయాయి. కపాలానికి తను నేర్పిన మాటే తనకు శాపమైంది. "నేను... నేను నీ యజమానిని!" అని వాడు మొర పెట్టుకున్నాడు. కపాలం వినలేదు. అది అతని మోచేతుల్ని, భుజాల్ని, ఆ భయంకరమైన కేకను కూడా లోపలికి లాగేసుకుంది! ఫెళ్లుమని ఒక పిడుగు... కపాలం నిలువునా పగిలింది! గోడ మీది డ్రమ్ములు ఒక్కొక్కటే మెత్తగా నిట్టూర్చి, కదలడం మానేశాయి. కుట్టుమిషను అత్తయ్య తిరిగి రాలేదు. నేల మీద తెల్లబట్టలు మాత్రం మిగిలాయి. బయట వాన మొదలైంది.

డ్రైవరక్కకు కాళ్లు వచ్చాయి, నోరూ వచ్చింది. అయినా ముందు చెల్లెలి ఛాతీ మీద చెవి పెట్టింది. వేళ్లు కదలడం లేదు. గుండె మాత్రం కొట్టుకుంటోంది, కాస్త ముందూ వెనకలుగా.

"నీకు... తాళం ఎప్పటికీ రాదే అక్కా," అంది చెల్లెలు. అది ఆమె సొంత గొంతు.

అక్క నవ్వబోయింది. అంతలో చెల్లెలు ఆమె చొక్కా గుప్పిట పట్టుకుంది. వాడు ఆమె దగ్గర్నుంచి తీసుకుని దాచిందంతా ఒక్కసారిగా తిరిగొచ్చినట్టుంది. మొహం ముడుచుకుపోయింది.

"ఆయన లేరక్కా... ఇక రారు," అంది. అంతవరకూ ఎవరితోనూ అనని మాట. అని, గోదాము దద్దరిల్లేలా ఏడ్చింది.

ఎవరూ ఓదార్చబోలేదు. తాత తన డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. ఆ ఏడుపుకు ఒక వరసంటూ లేదు. ఆయన దాని వెంటే నెమ్మదిగా కొట్టాడు, మిగతావాళ్లూ కలిశారు. వాన వెలిసేదాకా అలాగే కూర్చున్నారు.