వెనకున్నవాళ్ళకి దారి

ఈ దేశంలో జూలై అంటే నడి శీతాకాలం. చలి ఎముకలు కొరుకుతోంది. ఊరి చివర రాళ్ళ మధ్య కట్టిన సముద్రపు ఈతకొలను మీద ఇంకా వెలుగు సరిగా పరుచుకోలేదు. పోటు మీదున్న అలలు అడ్డగోడ దాటి, నాచు కంపుతో లోపలికి ఒలుకుతున్నాయి. గట్టు మీద ట్రిష్ ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. డెబ్బై దాటిన ఆమె ఊళ్ళో సగం మందికి ఈత నేర్పింది.

"తల ఎత్తకమ్మాయ్! ఆకాశంలో నీకేం పెట్టారు? పక్కకి తిప్పి గాలి పీల్చు. ఒక చెవి నీళ్ళలోనే ఉండాలి."

"ఉప్పునీళ్ళతోనే కడుపు నిండిపోయింది ట్రిష్, ఇవాళ టిఫిన్ మిగిలినట్టే," అంది లోరైన్.

లోరైన్ యాభై రెండేళ్ళకి ఫ్రీస్టైల్ ఈత మొదలుపెట్టింది సరదాకి కాదు. పోయిన శీతాకాలం ఈ గోడ మీంచే ఒక అల ఆమె మొగుడు డెస్‌ని లాక్కుపోయింది. ఈత రాని లోరైన్ గోడ పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. శవం కూడా దొరకలేదు. ఇప్పుడు నేర్చుకుని చేసేదేమీ లేదని ఆమెకీ తెలుసు. అయినా ఒక్కసారి ఈ చివరి నుంచి ఆ చివరికి ఆగకుండా ఈదితే, రాత్రి కాస్త కన్ను మూతపడుతుందేమోనని ఆశ.

సగం దూరం ఈదేసరికి ఎవరో లోరైన్ అరికాలు తట్టారు.

ఇక్కడి ఈతగాళ్ళ మర్యాద అది. వెనకున్నవాళ్ళు అరికాలు తడితే ఆగి, పక్కకి జరిగి, వాళ్ళని ముందు పోనివ్వాలి. లోరైన్ అలాగే జరిగింది. చల్లగా ఏదో ఆమె పొట్టను రాసుకుంటూ పోయింది.

"ఎందుకాగావ్?" గట్టు మీంచి అరిచింది ట్రిష్.

"వెనకున్నవాళ్ళకి దారిచ్చా."

"ఎవరికే? ఈ చలిలో మనిద్దరికి తప్ప పిచ్చి ఇంకెవరికుంది? పద, పద!"

లోరైన్ మళ్ళీ మొహం ముంచింది. చెయ్యి చాపి, గాలి కోసం పక్కకి తిరిగింది. పైచెవిలో గాలి హోరు. కింది చెవిలో...

"లోరీ..."

డెస్ గొంతు.

"ఇటు... ఇంకొంచెం..."

ఆమె ఆగలేదు. ఊపిరి కుదిరింది. కాళ్ళు కుదిరాయి. మొట్టమొదటిసారి నీళ్ళు ఆమెను మోశాయి. ఈసారి అందుకుంటాను... ఈసారి వదలను...

గోడ తగలాలి. తగల్లేదు.

ఇంకా తగల్లేదు...

తల ఎత్తింది. చుట్టూ సముద్రం. అడ్డగోడ ఎక్కడో వెనక, తెల్లటి నురగ గీతలా కనిపించింది. దాన్ని ఎప్పుడు దాటిందో, ఎలా దాటిందో తెలియదు.

గాలి మీద ట్రిష్ చప్పట్లు వినిపించాయి. "భేష్ లోరైన్! అదీ ఈతంటే!"

కొలను మెట్ల మీద అచ్చం తనలాగే ఉన్న ఎవరో ఆడమనిషి పైకి ఎక్కుతోంది. ట్రిష్ ఆమె భుజాల చుట్టూ తువ్వాలు కప్పింది.

"ట్రిష్! నేనిక్కడ...!" నోటి నిండా ఉప్పు.

బారెడు దూరంలో ఒక తల తేలింది. డెస్.

లోరైన్ చెయ్యి చాపింది. ఆయన ఆమె వైపు చూడలేదు. కొలను మెట్ల వైపే చూస్తున్నాడు.

ఆయన వెనక, నల్లటి నీళ్ళ మీద, ఇంకో తల. దాని వెనక ఇంకోటి. అన్నీ వరసగా, తమ వంతు కోసం ఆగినట్టు, అటే చూస్తూ...