ఇటుక మీది ఎరుపు

ఉదయం ఏడింటికి యూనివర్సిటీ బోటింగ్ క్లబ్ షెడ్డు ముందు శవం కనిపించింది. రిటైర్డ్ ప్రొఫెసర్ వెంకటసుబ్బారావు. మోటారు బోటును మోసే ట్రైలర్ దొర్లి, ఆయన్ని గోడకు నొక్కేసింది.

పాపం, భార్యను నీళ్ళ మీద తిప్పాలని పెద్దాయన సరదా. షెడ్డు ముందు రెండు బోట్లు అమ్మకానికున్నాయి. రెండూ పద్దెనిమిది అడుగులే. ఒకదాని అడుగుభాగం కోసుగా, మొనదేలి ఉంటుంది. వేగం ఎక్కువ, ఊగుడూ ఎక్కువే. రెండోది వెడల్పు, నిదానం. ఆయన మీదికి దొర్లింది వెడల్పుదే.

మధ్యాహ్నం ఎస్సై నవత బోట్లమ్మే పరుశురాంని ఎదురుగా నిలబెట్టింది.

"నిన్న సార్‌తోటి లొల్లి పెట్టుకున్నవా?"

"కోసుది మంచిగుంటది సార్ అన్న. గంతే మేడం."

"బోటు దొర్లకుండ చక్రం కింద పెట్టిన ఇటుక ఎవరు తీసిన్రు?"

"పెట్టింది నేనే. తియ్యలే. నా పిల్లల మీదొట్టు!"

కానిస్టేబుల్ రాజలింగు ఇటుక చూపించాడు. "దీనికి నెత్తురంటింది మేడం. వీడిదే పని."

అంతలో తార్నాక నుంచి ప్రొఫెసర్ భార్య కమలాదేవి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"రాత్రి ఆయన్ని తిట్టానమ్మా. ఈ వయసులో ఆ ఊగే పడవేంటండీ, కొంటే చచ్చినా ఎక్కనన్నాను. మారు మాట్లాడలేదు. తెల్లారి చెప్పకుండా వచ్చేశారు. నా మీద కోపంతోనే పోయారా?"

నవత ఇటుక దగ్గరికి నడిచింది. మళ్ళీ దాన్ని చూసింది.

ఎర్రగా కనిపించిందల్లా నెత్తురనుకోవడం పోలీసుల రోగం. గోడ మీది నెత్తురు ఎప్పుడో నల్లబడింది. ఇటుక మీది వేలిముద్రలు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

నవత గబగబా వెడల్పు బోటు ముందుకు వెళ్ళింది. దాని మొన మీద వరసగా పెట్టిన మూడు ఎర్రటి బొట్లు. వంగి చూసింది. చక్రాల వెనక రెండు నిమ్మకాయలు నలిగి ఉన్నాయి.

"చెత్త అనుకున్న మేడం," అన్నాడు రాజలింగు.

"కొత్త బండి కొంటే మనమేం చేస్తం? బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు కదిలిస్తం. ఇటుక మీదున్నది నెత్తురు కాదు, కుంకుమ. ఆ చేత్తోనే సార్ ఇటుక తీసిన్రు. ముందు నిలబడి లాగిన్రు. నేల వాలుగున్నది. ఒక్కరే ఆపలేకపోయిన్రు. పరుశురాం, నువ్వు ఇంటికి పో."

పరుశురాం అక్కడే కూలబడి ఏడ్చాడు.

నవత కమలాదేవి చెయ్యి పట్టుకుంది. "కోపం కాదమ్మా. కోసుదానికి బొట్టు లేదు. మీరు ఎక్కుతరని వెడల్పుదే తీసుకుందామనుకున్నరు. పూజ చేసి, మీకు చూపియ్యాలనుకున్నరేమో."

అప్పటికే చక్రాలకు గట్టిగా రాళ్ళు పెట్టారు. కమలాదేవి ఆ చెయ్యి ఊతగా బోటెక్కింది. సీటు మీద తన పూజగదిలోని కుంకుమ భరిణె. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఒకరికి చోటు వదిలి కూర్చుంది.

"ఎక్కానండీ," అంది మెల్లగా. "ఊగట్లేదు. మీరూ రండి."